రెండు ట్యాంకులు, ఒకటే ముల్లు

మన క్లబ్ వాట్సాప్ గ్రూపులో "ఈసారి మీ సబ్జెక్టులోంచి ఏదైనా ఒకటి తెలుగులో పాఠంలాగా రాయండి" అని మెసేజ్ పెట్టినప్పుడు బైనరీ సెర్చ్ గురించి రాద్దామని కూర్చున్నాను. రెండు పేరాలయ్యాక నాకే ఆవలింతలొచ్చాయి. అందుకని అదే బైనరీ సెర్చ్‌ని పోయిన ఎండాకాలం సెలవుల్లో ఒక పికప్ బండి కింద పడుకుని వాడిన సంగతి రాస్తున్నాను. పాఠం డీజిల్ గేజ్ గురించి. ఎల్‌కేజీ నుంచీ నాది ఇంగ్లీష్ మీడియం, కాబట్టి ఒత్తులు తప్పితే ఎడిటర్లు దిద్దుకోండి. వైరింగ్ తప్పితే ట్రిపుల్ ఈ వాళ్లు దిద్దండి.

బండి మా మామది. ఆయనది పలమనేరు. టమాటా, బీన్స్, క్యాబేజీ తోలతాడు, ఎక్కువగా మద్రాసు కోయంబేడుకి. పలమనేరు తెలియని వాళ్లకి చెప్పాలంటే, చిత్తూరు నుంచి బెంగళూరు పోయే రోడ్డులో బంగారుపాళెం దాటి మొగిలి ఘాట్ ఎక్కితే వచ్చే ఊరు. అక్కడి నుంచి ఇంకా పడమటికి పోతే నంగలి, అంటే కర్ణాటక. డీజిల్ మన వైపు కంటే అక్కడ లీటరు మీద కొన్ని రూపాయలు తక్కువ. బార్డరు పక్కన బండ్లు పెట్టుకున్న వాళ్లకి ఇది ఎక్కాలంత తేలిక లెక్క, అక్కడ ఎన్ని లీటర్లు పట్టిస్తే అంత మిగులు. మామ కొన్న సెకండ్ హ్యాండ్ పికప్‌కి పాత ఓనరు ఇంకో ట్యాంకు పెట్టించింది అందుకే. అదే మోడల్ స్క్రాప్ బండిలోంచి తీసిన ట్యాంకు. ఎడమ పక్క అసలుది, కుడి పక్క ఇది. డ్యాష్‌బోర్డు మీద ఒక స్విచ్. పైకి నొక్కితే ఒకటో ట్యాంకు, కిందికి నొక్కితే రెండో ట్యాంకు. గేజ్ మాత్రం ఒకటే. స్విచ్ ఏ వైపు ఉంటే ఆ ట్యాంకు మట్టం చూపిస్తుంది.

ఇలా పెట్టించుకోవచ్చా అంటే, కూడదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. మామకు ఆ సెక్షన్ ఎఫ్‌సీ దగ్గర పడినప్పుడు గుర్తొచ్చింది. అమెరికాలో మాత్రం 1970ల నుంచి 90ల దాకా ఫోర్డ్ ఎఫ్-సిరీస్, షెవ్రొలే పికప్‌లకు కంపెనీ వాళ్లే రెండు ట్యాంకులు, ఒక స్విచ్, ఒక గేజ్ ఇచ్చేవాళ్లు. ఆ బండ్ల వైరింగ్ బొమ్మలు నెట్‌లో బోలెడు దొరుకుతాయి. మామ బండికి బొమ్మ ఏదీ లేదు. పాత ఓనరు మెకానిక్ తలలో ఉంది, ఆ మెకానిక్ గల్ఫ్‌లో ఉన్నాడు.

ఇంక గొడవ. మామ దగ్గర ఒక లెక్కల నోటుబుక్కు ఉంటుంది. బండి అమ్మినాయన లీటరుకు 12 వస్తుందని చెప్పాడు. మూడు నెలల లెక్క తీస్తే 9 వస్తోంది. రెండోది, సాయంత్రం లోడు ఎక్కించేటప్పుడు ముల్లు ముప్పావు దగ్గర ఉంటే, రాత్రి చిత్తూరు దాటక ముందే పావుకు దిగిపోతోంది. మామ ఒకసారి బండితో పాటు పోయి ఇది కళ్లారా చూశాడు. మధ్యలో బండి ఆగింది ఒక్క టీ కొట్టు దగ్గర. మూడోది, ఒకటో ట్యాంకు మూత కింద ఎప్పుడూ డీజిల్ చెమ్మ, వాసన. పైపు పెట్టి లాగినప్పుడు కారిన చుక్కలు అవి అని మామ తీర్మానం.

ఈ మూడూ కలిపితే ఎవరి మీదికి పోతాయో మీకు అర్థమయ్యే ఉంటుంది. డ్రైవరన్న బండితో పాటే వచ్చాడు, పాత ఓనరు దగ్గరా ఆయనే. నెమ్మదైన మనిషి. మే నెలలో ఒక రాత్రి టమాటా లోడుతో మొగిలి ఘాట్ దిగుతుంటే ఇంజన్ ఆగిపోయింది. రెండో ట్యాంకు ఖాళీ. లెక్క ప్రకారం అందులో ఇంకా సగం ఉండాలి. స్విచ్ ఒకటో ట్యాంకుకి మార్చినా స్టార్ట్ కాలేదు. డీజిల్ ఇంజన్‌తో ఇదొక తంటా. ట్యాంకు అడుగంటితే లైన్లోకి గాలి దూరుతుంది, ఆ గాలి తీస్తే తప్ప ఇంజన్ అందుకోదు. ఆ చీకట్లో, ఆ ఘాట్‌లో, హ్యాండ్ ప్రైమర్ కొట్టి ఎయిర్ తీసేసరికి రెండు గంటలు పట్టింది. కోయంబేడుకి బండి చేరేటప్పటికి మంచి రేటు అయిపోయింది. మరుసటి రోజు మామ ఆయన్ని రావద్దన్నాడు. పదిహేను రోజుల జీతం డీజిల్ కింద పట్టుకున్నాడు. పోతా పోతా డ్రైవరన్న ఒక మాట అన్నాడు, నేను అక్కడే ఉన్నాను: "నేను ముట్టుకోలేదన్నా. ఒకటో ట్యాంకు ఎంత వాడినా నిండతానే ఉండాది, అది చూడు ముందు." మామ నవ్వాడు. "ట్యాంకులో ఊటబావి ఉందేమో లే" అన్నాడు.

నాకు ఆ నవ్వు బాగాలేదు. కానీ నేను మొదలుపెట్టింది న్యాయం కోసమేం కాదు. కొత్తగా మల్టీమీటర్ కొన్నాను, దాన్ని దేనికైనా వాడాలి. "మామా, గేజ్ తప్పు చూపిస్తా ఉందేమో, నేను చూస్తా" అన్నాను. "చూడు అల్లుడా, చూసి వాడి సంగతి నువ్వే చెప్పు" అన్నాడు.

ఇప్పుడు పాఠం. ట్యాంకులో ఒక ఫ్లోట్ ఉంటుంది. ఇంటి మీద నీళ్ల ట్యాంకులో బాల్ వాల్వ్ ఎలా తేలుతుందో అలాగే తేలుతుంది. దాని కమ్మి రెండో కొస ఒక రెసిస్టెన్స్ పట్టీ మీద జారుతుంది. మట్టం మారితే రెసిస్టెన్స్ మారుతుంది, దాంతో గేజ్‌లోంచి పోయే కరెంటు మారుతుంది, ముల్లు కదులుతుంది. 1827లో జార్జ్ ఓమ్ అచ్చువేసిన సూత్రమే, ఇంటర్‌లో మనం బట్టీ పట్టిందే. కరెంటు దారి ఇలా ఉంటుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజ్, అక్కడి నుంచి గేజ్, గేజ్ నుంచి స్విచ్, స్విచ్ నుంచి వైరు, వైరు నుంచి ఫ్లోట్ యూనిట్, యూనిట్ నుంచి ఎర్త్. ఎర్త్ అంటే భూమి కాదు. ఛాసిస్ ఇనుమే తిరుగు వైరు. మైనస్ వైరు ప్రతి బల్బు నుంచీ బ్యాటరీ దాకా లాగకుండా, బండి ఇనుముకు కలిపేస్తారు. రాగి ఆదా. దాని ఖర్చు ఏంటో తర్వాత తెలుస్తుంది.

ముందు తెలుసుకోవలసింది ఒకటుంది. రెసిస్టెన్స్ ఎక్కువైతే ముల్లు ఎటు పోతుంది? ఇది అన్ని బండ్లకూ ఒకటి కాదు. పాత ఫోర్డ్ పికప్‌లలో ఖాళీ ట్యాంకుకు 73 ఓమ్‌లు, నిండు ట్యాంకుకు 10. జనరల్ మోటార్స్ వాళ్లది పూర్తిగా తిరగేసి, ఖాళీకి 0, నిండుకు 90. అందుకే ఒక కంపెనీ ట్యాంకు తెచ్చి ఇంకో కంపెనీ గేజ్‌కి తగిలిస్తే బండి కొండ దిగుతున్న కొద్దీ ట్యాంకు నిండుతున్నట్టు కనిపించవచ్చు. మామ బండిలో మీటర్ పెట్టి చూస్తే నిండుకు 8 దగ్గర, ఖాళీకి 100 దగ్గర వచ్చింది. రెండు ట్యాంకులవీ అంతే, ఒకే మోడల్ కాబట్టి. అంటే మా బండిలో వైరు ఎక్కడైనా తెగితే ముల్లు ఈ కిందికి పడిపోతుంది. వైరు ఒరుసుకుపోయి ఇనుముకు తగిలితే ఎఫ్ దాటి పైకి పోతుంది. మధ్యలో ఎక్కడైనా తుప్పు పట్టి రెసిస్టెన్స్ కలిస్తే, ఉన్నదాని కంటే తక్కువ చూపిస్తుంది. ఈ మూడు వాక్యాలు ఒక కాగితం మీద రాసుకుని డ్యాష్‌బోర్డుకి అంటించాను.

రెండు ట్యాంకులు ఉండటం వల్ల ఒక లాభం ఉంది. ఫ్యూజ్, గేజ్ రెండిటికీ ఉమ్మడి. ఒకటో ట్యాంకు మట్టం సరిగ్గా చూపిస్తోందంటే ఫ్యూజ్, గేజ్ బాగున్నట్టే, సగం దారి ఒక్క చూపుతో కొట్టేయవచ్చు. మూతలోంచి వెదురు పుల్ల దింపి చూశాను. డీజిల్ ముందే కొలిచి పోసి ఆ పుల్ల మీద పది లీటర్లకొక గాటు పెట్టుకున్నాను. గాట్ల మధ్య దూరం ఒకటిగా రాలేదు, ట్యాంకు అడుగు వంకరగా ఉంటుంది కదా. ఒకటో ట్యాంకు పుల్లకూ ముల్లుకూ సరిపోయింది.

ఇంక మిగిలింది స్విచ్ నుంచి రెండో ట్యాంకు దాకా. దీన్ని మళ్లీ సగం చేయాలి. స్విచ్ వెనక రెండు ఫ్లోట్ వైర్లనూ ఒకదాని చోట ఒకటి మార్చి పెట్టాను. తప్పు స్విచ్‌లో ఉంటే రెండో వైపు నొక్కినప్పుడే కనిపిస్తుంది, వైరులోనో ట్యాంకులోనో ఉంటే వైరుతో పాటు ఒకటో వైపుకి వచ్చేస్తుంది. మనం ల్యాబ్‌లో పనిచేయని మౌస్‌ని పక్క సిస్టంకి పెట్టి చూస్తాం కదా, అదే. తప్పు ఎటూ పోలేదు. ఎందుకంటే తప్పు కనిపించనే లేదు. రెండో ట్యాంకులో పుల్ల ప్రకారం సగం, ముల్లు ప్రకారం సగం.

అయినా వదల్లేదు. ట్యాంకు దగ్గర కప్లర్ పీకాను, ముల్లు ఈ కిందికి పడింది. ఆ వైరుని పది ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా ఛాసిస్‌కి తాకించాను, ముల్లు ఎఫ్ దగ్గరికి పోయింది. నేరుగా ఇనుముకు తాకించే మెకానిక్‌లు ఉన్నారు, కొన్ని గేజ్‌లు దానికి కాలిపోతాయి, రెసిస్టర్ రెండు రూపాయలు. ఫ్లోట్ యూనిట్ బయటికి తీసి చేత్తో ఎత్తి దించాను, 8 నుంచి 100 దాకా ఎక్కడా ఎగరకుండా పోయింది. ఈ పని చేసేటప్పుడు బ్యాటరీ మైనస్ విప్పేయండి, పక్కన బీడీ కాల్చే పెద్దమనిషి ఉంటే పంపించేయండి. డీజిల్ కాబట్టి సరిపోయింది, పెట్రోల్ బండి అయితే ట్యాంకు తెరవడం నేర్చుకునే వాళ్ల పని కాదు. చివరగా ఫ్లోట్ ఎర్త్ వైరుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య రెసిస్టెన్స్ చూశాను. 3 ఓమ్‌లు. మీటర్ ప్రోబ్‌లు ఒకదానికొకటి తాకిస్తేనే అర ఓమ్ చూపిస్తుంది. వంద ఓమ్‌ల వ్యవహారంలో మూడెంత అనుకుని "ఓకే" అని టిక్ పెట్టాను.

రెండు రోజుల పని. నోటుబుక్కులో అన్నిటికీ టిక్కులు. అది మామకు చూపించాను. మామ చూసి, "అంటే గేజ్‌లో ఏం తప్పు లేదంటావ్. చూసినావా మరి" అన్నాడు.

ఆ "చూసినావా" ఎవరి గురించో నాకు తెలుసు. ల్యాబ్‌లో ప్రోగ్రాం రన్ కాకపోతే మార్కులు పోతాయి, అంతే. నా టిక్కుల వల్ల ఒక మనిషి దొంగ అయ్యాడు. ఆయన మీద నాకు అనుమానం లేదు, అలా అని నా పరీక్షల మీదా అనుమానం రాలేదు. రెండూ ఒకేసారి నిజం కావని తట్టలేదు.

మూడో రోజు సాయంత్రం అత్తమ్మ గ్యాస్ సిలిండర్ తెమ్మంది. మామ బండి తీశాడు, నేను పక్కన కూర్చున్నాను. ఏడు దాటింది, లైట్లు వేశాడు. ముల్లు సగం నుంచి నిమ్మళంగా కిందికి జారింది. పొద్దున్నుంచి బండి కదల్లేదు, ఒక్క చుక్క డీజిల్ ఖర్చు కాలేదు. మెయిన్ రోడ్డు దగ్గర మామ కుడి ఇండికేటర్ వేశాడు. ముల్లు తల ఊపడం మొదలుపెట్టింది. టిక్, కిందికి. టిక్, పైకి. ఇండికేటర్‌తో పాటే. నేను "మామా ఆపు ఆపు" అని అరిచిన అరుపుకి ఎవరినో గుద్దాం అనుకున్నాడు పాపం.

నా పరీక్షలన్నీ పగలు చేశాను. ఈ రోగం రాత్రి పూట మాత్రమే వస్తుంది. "నా సిస్టంలో బాగానే రన్ అవుతోందే" అని మనం అనే మాట ఉంది చూడండి, రెండు రోజులు నేను చేసింది అదే.

జరుగుతున్నది ఇది. రెండో ట్యాంకు పెట్టించినప్పుడు ఫ్లోట్ ఎర్త్ వైరుని ఛాసిస్‌కి విడిగా బిగించకుండా, దగ్గరలో ఉన్న వెనక లైట్ల ఎర్త్ వైరుకే చుట్టారు. ఆ ఉమ్మడి వైరు ఛాసిస్‌కి కలిసే బోల్టు దగ్గర తుప్పు. టమాటా నీళ్లు కారే చోట అది. నా మీటర్ చూపించిన 3 ఓమ్‌లు అక్కడివే. ఫ్లోట్ కరెంటు చాలా చిన్నది, అంపియర్లో పదో వంతు, అది మూడు ఓమ్‌లను లెక్కచేయదు. కానీ లైట్లు వేయగానే వెనక బల్బుల కరెంటు ఒక అంపియర్ పైచిలుకు అదే బోల్టులోంచి పోవాలి. ఒక అంపియర్ ఇంటూ మూడు ఓమ్‌లు, దాదాపు మూడు వోల్టులు. అంటే ఫ్లోట్ తన కాలు సున్నా మీద ఉందనుకుంటుంది, నిజానికి మూడు వోల్టుల అరుగు మీద ఉంది. గేజ్‌కి వచ్చే 12లో మూడు పోతే కరెంటు తగ్గుతుంది, ముల్లు దిగుతుంది. ఇండికేటర్ బల్బు 21 వాట్లది, అది వెలిగినప్పుడల్లా అరుగు ఇంకా లేస్తుంది. బ్రేకు తొక్కితే రెండు 21 వాట్ల బల్బులు. ఘాట్‌లో రాత్రి పూట, లైట్లు వేసి, బ్రేకు తొక్కుతూ దిగే బండిలో ఆ ముల్లు ఏం చూపించి ఉంటుందో ఊహించుకోండి. మామ కళ్లారా చూసిన దొంగతనం అది.

ఇంటికొచ్చి సరైన పరీక్ష చేశాను. మీటర్‌ని వోల్టులకు మార్చి, ఒక ప్రోబ్ ఫ్లోట్ ఎర్త్ మీద, ఇంకోటి బ్యాటరీ మైనస్ మీద. లైట్లు ఆపితే సున్నా పక్కన ఏదో చిల్లర. లైట్లు వేస్తే 2.8. మామకి ఓమ్‌లు తెలియవు గానీ, స్విచ్ వేస్తే అంకె లేవడం, ఆపితే పడటం తెలుసు. ఆయనే నాలుగైదు సార్లు వేసి ఆపి చూశాడు. ఎర్త్ అనుమానం వస్తే ఓమ్‌లు కొలవకండి, కరెంటు పారుతుండగా వోల్టులు కొలవండి. మీటర్ ఓమ్‌లు కొలిచేటప్పుడు పంపే కరెంటు చీమంత. చీమ నడిస్తే ఒరగని వంతెన లారీ ఎక్కితే ఒరగదని కాదు కదా. బోల్టు విప్పి, ఉప్పు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, ఫ్లోట్‌కి విడిగా ఒక ఎర్త్ వైరు ఛాసిస్‌కి బిగించాను. 2.8 పోయి 0.05 వచ్చింది. ఖర్చు వైరుకి, లగ్గులకి కలిపి నలభై రూపాయలు.

మామ గొప్పతనం ఏంటంటే వెంటనే అడిగాడు: "సరే, ముల్లు అబద్ధం చెప్పింది. మరి లీటరుకు తొమ్మిదేంది? నోటుబుక్కు కూడా అబద్ధం చెప్తా ఉందా?"

న్యాయమైన ప్రశ్న. గేజ్ తప్పు చూపిస్తే డీజిల్ ఖర్చు పెరగదు. ఇంకా మొగిలి ఘాట్‌లో ట్యాంకు నిజంగానే ఖాళీ అయ్యింది. నాకు అప్పుడు "నిండతానే ఉండాది" అన్న మాట గుర్తొచ్చింది. ముల్లు ఇప్పుడు నమ్మదగ్గది కాబట్టి పరీక్షించడం సులువు. ఒకటో ట్యాంకు సగానికి తగ్గించి పుల్లతో గుర్తు పెట్టుకున్నాం. రెండో ట్యాంకు మూత దాకా నింపాం. స్విచ్ రెండో ట్యాంకు మీద పెట్టి నంగలి వైపు పోయి వెనక్కి వచ్చాం, రీడింగ్‌లో 48 కిలోమీటర్లు. వచ్చాక రెండో ట్యాంకుని మళ్లీ మూత దాకా నింపితే 6 లీటర్లు పట్టింది. 12 వచ్చే బండికి 4 చాలు. ఒకటో ట్యాంకులో పుల్ల దించాం. మనం వాడని ట్యాంకు అది. గుర్తుకి ఒక వేలెడు పైకి తడిసింది.

ఇది ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ అన్నకి ఫోన్లో చెప్తే ఒక్క మాట అడిగాడు: "రిటర్న్ లైను యాడికి పోతా ఉందో చూసినారా?" నేను సీఎస్ఈ, నాకు రిటర్న్ అంటే ఫంక్షన్ చివర రాసేదే. డీజిల్ ఇంజన్‌లో పంపు కావాల్సినదానికంటే ఎక్కువే లాగుతుంది. ఇంజన్ కాల్చింది పోను మిగిలింది పంపునీ ఇంజెక్టర్లనీ తడిపి, చల్లబరిచి, రిటర్న్ పైపులో ట్యాంకుకి తిరిగి వస్తుంది. రెండు ట్యాంకులు పెట్టినప్పుడు పోయే లైనుకీ వచ్చే లైనుకీ రెండిటికీ వాల్వ్ మారాలి. అమెరికా పికప్‌ల వాల్వ్‌కి ఆరు దారులు ఎందుకో అప్పుడు అర్థమైంది. ఒక్కో ట్యాంకుకి రెండు, ఇంజన్‌కి రెండు. మామ బండిలో పాత మెకానిక్ మూడు దారుల వాల్వ్ ఒక్కటే పెట్టి, పోయే లైను మాత్రమే మార్చాడు. రిటర్న్ ఎప్పుడూ ఒకటో ట్యాంకుకే. మామ డ్రైవరన్నకి చెప్పింది "ఒకటోది నింపి పెట్టుకో, రిజర్వు, రెండోది వాడు" అని. అంటే నిండుగా ఉన్న ట్యాంకులోకే మిగులు డీజిల్ పోతోంది, అది పట్టక మూత దగ్గర పొర్లి రోడ్డు మీద కారుతోంది. మూత కింద చెమ్మ అదే. నోటుబుక్కులో తొమ్మిది అదే. రెండో ట్యాంకు లెక్కకంటే ముందే అడుగంటిందీ అందుకే. వెనక వచ్చే బైకుల వాళ్లు ఆ డీజిల్ మీద జారకపోవడం వాళ్ల అదృష్టం, మాది కూడా.

చెప్పడం మరిచాను, ఇప్పుడు మన దగ్గర తిరిగే సీఎన్‌జీ, పెట్రోల్ రెండిటితో నడిచే చిన్న పికప్‌లూ ఒక రకంగా రెండు ట్యాంకుల బండ్లే. వాటిలో గ్యాసుకి తేలే ఫ్లోట్ పనికిరాదు, సిలిండర్ ప్రెషర్ చూసి చెప్తారు. వాటి సంగతి ఇంకెవరైనా రాయండి.

ఆరు దారుల వాల్వ్ తెప్పించి సరిచేయొచ్చు అన్నాడు మెకానిక్ అన్న. మామ ఒక రోజంతా ఆలోచించి, ఎఫ్‌సీ కూడా దగ్గర పడింది కాబట్టి రెండో ట్యాంకే పీకించేశాడు. ఇప్పుడు ఒక ట్యాంకు, ఒక గేజ్, లీటరుకు పన్నెండుకి కొంచెం తక్కువ.

డ్రైవరన్నకి మామ ఫోన్ చేసింది నా ముందు కాదు, మిద్దె మీదికి పోయి చేశాడు. కిందికి వచ్చి "రేపు పొద్దున పోదాం, నువ్వూ రా" అన్నాడంతే. ఆయన అప్పటికే ఒక పాల వ్యాన్‌కి పోతున్నాడు. ఇంటికి పోతే అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. మామ పదిహేను రోజుల జీతం కవర్లో పెట్టి ఇచ్చాడు, "నువ్వు చెప్పినట్టే నిండతా ఉండిందప్పా" అన్నాడు. డ్రైవరన్న కవరు లోపలికి పంపించి, "పోనీలే అన్నా" అన్నాడు. వెనక్కి వస్తాడా అని మామ అడగలేదు, ఆయనా ఆ ఊసు ఎత్తలేదు.

నేను ఊరుకోలేక ముల్లు, ఇండికేటర్, ఎర్త్ బోల్టు, 2.8 వోల్టులు అంతా చెప్పాను. ఆయన విని, "అయితే వెనక లైట్లు ఇప్పుడు బాగా వెలగతా ఉండాయా తమ్ముడూ?" అన్నాడు.

"ఎందుకన్నా?"

"మసగ్గా వెలిగేవి కదా. బండి కొన్న మొదటి వారమే చెప్పినా మీ మామకి."

ఎర్త్‌లో మూడు వోల్టులు పోతే బల్బుకి మిగిలేది తొమ్మిదే. మసగ్గా కాక ఎలా వెలుగుతాయి. నా నోటుబుక్కులో లక్షణాలు అని రాసి గీత గీసిన చోట ఆ ఒక్కటీ లేదు. బండి ఎక్కాక రాసుకున్నాను.